.22నా, నైన్ ఎమ్ఎమ్మా?

“అన్నా, మొదటి పిస్టల్‌కే నైన్ ఎమ్ఎమ్ దేనికి? చిన్న తూటా .22 తీసుకో” అంటూ తన .22 పిస్టల్, రూగర్ మార్క్ ఫోర్, చేతిలో పెట్టాడు మావాడు. డాలస్ శివార్లలో, ఇవాళ్టి స్టీల్ ఛాలెంజ్ మ్యాచ్‌లో, అంటే స్టీలు ప్లేట్లని ఎంత త్వరగా కొడతామో చూసే షూటింగ్ పోటీలో.

ఎదురుగా ఐదు తెల్ల ప్లేట్లు. అందులో స్టాప్ ప్లేటు చివర్లో కొట్టాలి, దానికి తగిలితేనే టైమ్ ఆగేది. .22కి హోల్‌స్టర్ (నడుముకి కట్టే పిస్టల్ ఒర) నుంచి తీసే గొడవ లేదు. ముందున్న గుర్తు వైపు గురిపెట్టి నిలబడి, బీప్ రాగానే మొదలుపెట్టడమే. కుదుపు దాదాపు ఉండదు కాబట్టి చూపు వెంటనే పక్క ప్లేటు మీదికి వెళ్లిపోతుంది.

అసలు తలనొప్పి తూటాలతో. పక్క కుర్రాడి చవక పెట్టెలో ఒకటి పేలదు, ఇంకోటి ఇరుక్కుంటుంది, పాపం టైమరేమో ఆగదు! మావాడిచ్చినవి మినీ మ్యాగ్‌లనే రకం .22 తూటాలు, ఒక్కటీ మొరాయించలేదు. మొత్తం ఎనిమిది స్టేజ్‌లు (ప్లేట్ల అమరికలు), ఒక్కోటీ నాలుగైదు సార్లు ఆడితే, గురి ఒక్కటీ తప్పకపోయినా 195 తూటాలు కావాలి. నైన్ ఎమ్ఎమ్ అయితే జేబుకి చిల్లే.

ఒక్కోసారి సీసం తునకలు వెనక్కి చిమ్ముతాయి. కళ్లద్దాలు లేనిదే లోపలికి రానివ్వరు, మంచి పని.

ఇంటికొచ్చి చెప్తే మా ఆవిడ ఒకటే మాట: “పిల్లలున్న ఇల్లు. ముందు లాకర్ కొనండి, తర్వాత పిస్టల్.”

లాకర్లు చూస్తున్నా. మంచివి తెలిస్తే చెప్పండి.