బీపీ లేదుగా, ఈ మాత్ర ఎందుకు?

నాకు సిర్రోసిస్, అంటే లివర్ గట్టిపడిపోయే జబ్బు, అని తెలిశాక చాలామంది మొదట అడిగిన మాట, ఎన్నేళ్ల నుంచి తాగుతున్నావు అని. చుక్క ముట్టని మనిషిని. షుగరూ, ఫ్యాటీ లివరూ కలిసి చేసిన పని అది. ఆ కోపం గురించి రాయడం మొదలుపెడితే ఇక్కడే ఆగిపోతాను, వదిలేద్దాం.

ఎండోస్కోపీలో అన్నవాహికలో సిరలు ఉబ్బినట్టు కనిపించాయి. లివర్ డాక్టరు కార్వెడిలాల్ అనే మాత్ర, 6.25 మిల్లీగ్రాములది, రాశారు. ఎందుకో చెప్పలేదు, చెప్పినా నా బుర్రకెక్కలేదు. లేచి నిలబడితే కళ్లు తిరిగేవి, అయినా రెండు నెలలు వేసుకున్నాను. తర్వాత జ్వరమొచ్చి వేరే డాక్టరు దగ్గరికి వెళ్తే, మందుల చీటీ చూసి "మీకు బీపీ లేదుగా, ఇదెందుకు?" అని నవ్వాడు. ఆ నవ్వు చాలింది నాకు. ఆ రోజే మానేశాను. రాసిచ్చినాయనకి ఒక్క ఫోన్ కూడా చేయలేదు, ఆ తప్పు నాదే.

మూడు వారాలకి ఒక రాత్రి కడుపులో తిప్పుతోందని లేచాను. వాంతి అయ్యాక లైటు వేసి చూస్తే అంతా రక్తం, గడ్డలు గడ్డలుగా. ఏం తిన్నానా అని ఆలోచిస్తున్నాను, పిచ్చివాడిలా! మా ఆవిడ నన్ను చూడనివ్వకుండా తలుపు దగ్గరికి లాగేసింది. కారులో స్పృహ వస్తూ పోతూ ఉంది. గేటుకి తాళం వేశావా, గేటుకి తాళం వేశావా అని దారంతా అడుగుతూనే ఉన్నానట, ఆవిడ ప్రతిసారీ "వేశానండీ" అందట. వేయలేదని తర్వాత చెప్పింది.

రక్తం ఎక్కించడం, ఉబ్బిన సిరలకి బ్యాండ్లు వేయడం, ఐసీయూ, అన్నీ అయ్యాయి. అక్కడ ఒక చిన్న డాక్టరమ్మ నా మంచం మీద కూర్చుని కాగితం మీద బొమ్మ గీసింది. గట్టిపడిన లివర్లోంచి రక్తం సరిగ్గా పోలేక, పేగుల నుంచి రక్తం తెచ్చే పోర్టల్ సిరలో ఒత్తిడి పెరుగుతుంది, ఆ రక్తం పక్కదారులు వెతుక్కుని అన్నవాహికలోని పల్చటి సిరల్లోకి వెళ్తుంది, అవి ఉబ్బి పగులుతాయి. ఈ మాత్ర ఆ ఒత్తిడి తగ్గించడానికట, చేతికి పట్టీ కట్టి చూసే బీపీ కోసం కాదట. ఐదు నిమిషాలు పట్టింది చెప్పడానికి. ఆ ఐదు నిమిషాలు ముందే ఎవరైనా ఇచ్చి ఉంటే! మానకపోయినా ఆ రాత్రి వచ్చేదేమో, తెలియదు, కానీ ఆ అమ్మాయిని మాత్రం మరచిపోను.

ఇప్పుడు 12.5 వేసుకుంటున్నాను. పై బీపీ 90 కంటే తగ్గినా, పొట్టలో నీరు చేరినా డాక్టరుకి చెప్పాలి, వాళ్లు డోసు తగ్గించొచ్చు, ఆపొచ్చు కూడా. ఉబ్బసం ఉన్నవాళ్లు ఆ సంగతి ముందే చెప్పండి. సొంతంగా మాత్రం మానకండి. దేవుడి దయ అంటుంది మా ఆవిడ. కాదనను, బ్యాండ్లు వేసినాయన చేతులు కూడా దేవుడివే అనుకుంటాను.

ఆ నవ్విన డాక్టరు మొన్న ఎదురుపడ్డాడు. ఆరోగ్యం ఎలా ఉందండీ అన్నాడు. ఎన్ని మాటలు దాచుకున్నానో అతని కోసం! బాగుందండీ అనేసి వచ్చేశాను.