మంచు తూము

మే నెల, ఆదివారం రాత్రి

మా అక్క పెద్ద కూతురి బిడ్డకు ఈ రోజు ఇరవై ఒకటో రోజు. హనుమకొండ నుంచి ములుగు రోడ్డు మీదుగా ఊరికి చేరేసరికి పది దాటింది. మజ్జిగ చల్లబరచడానికి తెప్పించిన రెండు ఐసు దిమ్మలను పెరట్లోని సిమెంటు తొట్టిలో పెట్టి, ఊక చల్లి, గోనె సంచులు కప్పారు. తొట్టి మీది నల్లా చుక్కచుక్కగా కారుతున్న సంగతి ఎవరూ గమనించలేదు. మధ్యాహ్నం మజ్జిగ కోసం సంచి ఎత్తి చూస్తే, చుక్కలు పడిన చోట బొటనవేలు పట్టేంత బెజ్జం దిమ్మ అడుగు దాకా నిలువునా దిగి ఉంది. దాని లోపలి గోడ గాజులా నున్నగా ఉంది, సగం లోతులో నీటి చుక్క పక్కకు జారి చెక్కిన చిన్న మెట్టు కూడా కనిపించింది. బంధువులు భోజనాలకు పిలుస్తున్నా నేను అక్కడి నుంచి లేవలేకపోయాను.

హిమానీనదాల మీద వేసవిలో పారే కరుగునీరు ఇలాంటి నిలువు బావులలోకే దూకి మాయమవుతుంది. ఫ్రెంచివారు వాటిని మూలాన్ అంటారు, అంటే మర అని అర్థం. సుడి తిరుగుతూ దిగే నీటి హోరు వారికి మరను గుర్తుకు తెచ్చి ఉంటుంది. మా ఇంట్లో అయితే ఇసుర్రాయి గుర్తుకు రావాలి. 1841లో లూయీ అగాసిజ్ అనే శాస్త్రవేత్త స్విట్జర్లాండ్‌లోని ఉంటరార్ హిమానీనదం మీద అలాంటి బావిలోకి పడే వాగును పక్కకు మళ్లించి, తాళ్లు కట్టించుకొని లోపలికి దిగాడు. అడుగున చన్నీళ్లు తగిలిన తరువాతనే పైకి లాగించుకున్నాడు. మంచు లోపలి పొరలు ఎలా ఉంటాయో కళ్లారా చూడాలన్న తపన ఎంతటిదో ఈ తొట్టి దగ్గర కూర్చున్నప్పుడు నాకు కొంత అర్థమైంది.

అయితే మా దిమ్మకు పడిన బెజ్జానికీ ఆ బావులకూ ఒక పెద్ద తేడా ఉంది. మేడ మీద ఎండకు కాగిన ట్యాంకు నీళ్లు 40 డిగ్రీలకు తక్కువ ఉండవు కనుక, అవి రెండు లీటర్లు చాలు, ఒక కిలో మంచును కరిగించడానికి. హిమానీనదం మీది వాగు నీరు దాదాపు సున్నా డిగ్రీలలోనే ఉంటుంది, దానిలో ఇవ్వడానికి వేడి లేదు. అక్కడ మంచును కరిగించే వేడి, నీరు కిందికి పడడంలోనే పుడుతుంది. ఒక కిలో మంచు కరగడానికి 334 కిలోజౌళ్ల శక్తి కావాలి, వంద మీటర్ల లోతుకు పడిన లీటరు నీరు ఇచ్చేది ఒక్క కిలోజౌలు మాత్రమే. వినడానికి ఇది చాలా స్వల్పం. కానీ సెకనుకు వెయ్యి లీటర్లు పారే వాగు రాత్రింబవళ్లు అలా పడుతూ ఉంటే, ఆ శక్తి అంతా మంచుకే చేరినట్లయితే, గంటకు పది టన్నులకు పైగా మంచు కరిగిపోతుంది.

ఇంటర్ చదివే అక్క చిన్న కూతురు పక్కనే నిలబడి ఇదంతా విని, "మామా, ముందుగాల ఆ నీళ్లు లోపలికి ఎట్ల దిగుతయి? మంచుకు సందు ఉండాలె గదా?" అని అడిగింది. అసలు అడగవలసిన ప్రశ్న అదే. జరుగుతున్న మంచు సాగే చోట పగుళ్లు పడతాయి. ఎండు పగులు కొన్ని పదుల మీటర్ల లోతుకు వెళ్లేసరికి పక్కల నుంచి మంచు బరువు నొక్కి దానిని ఆపేస్తుంది. అదే పగులు నీటితో నిండి ఉంటే కథ వేరు. ఘనపు మీటరు మంచు 917 కిలోలు తూగితే నీరు 1000 కిలోలు తూగుతుంది, కాబట్టి లోతు పెరిగిన కొద్దీ మూసే మంచు కంటే తెరిచే నీటిదే పైచేయి అవుతుంది. పైనుంచి నీరు అందుతున్నంత కాలం ఆ చీలిక అడుగు రాతి దాకా దిగుతుంది. ఆ తరువాత చీలిక మిగతా భాగమంతా మూసుకుపోయినా, వాగు పడే ఒక్క చోటు మాత్రం గుండ్రని బావిగా నిలిచిపోతుంది.

2006 జూలైలో గ్రీన్లాండ్ మంచు మీది ఒక సరస్సు ఇలాగే, ఒకటిన్నర టీఎంసీకి పైగా నీటితో, గంటన్నర లోపే ఖాళీ అయింది. దాని కింద మంచు మందం దాదాపు ఒక కిలోమీటరు. అంత మంచును చీల్చుకొని నీరు రాతిని తాకిందన్న మాట చదివిన రోజు నాకు నిద్ర పట్టలేదు. అడుగుకు చేరిన నీరు మంచును కొంత పైకి లేపి, రాతి మీద దాని జారుడును పెంచుతుంది.

సాయంత్రం మేమిద్దరం చెరువు కట్ట మీదికి వెళ్లాం. నీరు అడుగంటడంతో పాత తూము పూర్తిగా బయటపడింది. రెండు రాతి స్తంభాలు, వాటి మధ్య అడ్డరాళ్లు, కింద బెజ్జం ఉన్న రాతి పలక. నీరు అందులో నిలువుగా దిగి కట్ట కింది నుంచి పొలాలకు పోతుంది. మూలాన్‌కు తెలుగులో మంచు తూము అన్న పేరే సరిపోతుందని నాకు అక్కడే తోచింది. మత్తడి దూకే నీరు అందరికీ కనిపిస్తుంది, తూములో దిగేది కనిపించదు. మంచు మీది నీటి సంగతీ అంతే.

"మరి ఆ తూమును మూసే నీరటి ఎవరు మామా?" అని తను అడిగింది. మంచే మూస్తుందని చెప్పాను. చలికాలంలో వాగు ఆగిపోగానే, చుట్టూ ఉన్న మంచు తన బరువుకు తాను మెల్లగా పారి బావిని లోపలికి నొక్కుతుంది. ఈలోగా హిమానీనదం కదులుతూ ఉంటుంది కనుక బావి కూడా దిగువకు జరిగిపోతుంది. ఎగువన కొత్త పగులు పడి వాగును అందుకుంటే పాత బావి ఎండిపోతుంది. పగులు పడే చోటును నిర్ణయించేది కింది రాతి ఎత్తుపల్లాలు, అవి కదలవు, అందువల్ల కొత్త బావి చాలాసార్లు పాతది పుట్టిన చోటికి దగ్గరలోనే తెరుచుకుంటుంది. తను కాసేపు తూము రాళ్ల వైపు చూసి, "అంటే చోటు అదే, తూమే మారుతదన్నట్టు" అన్నది. ఇంత చక్కగా నేను తరగతిలో ఎన్నడూ చెప్పలేదు.

ఇంటికి వచ్చేసరికి దిమ్మ బెజ్జం దగ్గర రెండుగా విరిగి, ముక్కలు రెండూ తొట్టి నీళ్లలో తేలుతున్నాయి.