నడిమధ్య నుంచి 5 మిల్లీమీటర్లు కిందికి

ఈమధ్య నా రాత్రుళ్లన్నీ ఒక గుండ్రటి సిలిండర్ చుట్టూనే తిరుగుతున్నాయి. ఛానల్‌లో చల్లటి ప్రవాహం, దానికి అడ్డంగా వేడి సిలిండర్. అంతా సిమ్యులేషనే లెండి, చేతులు తడవవు.

రెనాల్డ్స్ నంబర్ (ద్రవం జిగటతో పోలిస్తే ప్రవాహం జోరెంతో చెప్పే అంకె) 20 దగ్గర అంతా బుద్ధిగా ఉంటుంది. సిలిండర్ వెనక రెండు చిన్న సుడులు అతుక్కుని కదలకుండా కూర్చుంటాయి. 100కి పెంచితే కథే వేరు. పైనొకటి, కిందొకటి, వంతులేసుకున్నట్టు ఊడి కొట్టుకుపోతాయి. కార్మాన్ సుడుల వరుస అంటారే, అదే.

దీనికి షేఫర్, టూరెక్ అనే పరిశోధకులు 1996లో ఇచ్చిన ప్రామాణిక పరీక్ష ఒకటుంది. ఛానల్ ఎత్తు 0.41 మీటర్లు, సిలిండర్ కేంద్రం అడుగు నుంచి 0.2 మీటర్లు. అంటే నడిమధ్యకి 5 మిల్లీమీటర్లు కిందికి. ఆ కాస్త తేడా నాకు భలే నచ్చింది. సరిగ్గా మధ్యలో పెట్టి, మెష్ (లెక్క కోసం ఛానల్‌ని చిన్న గళ్లుగా విడగొట్టే వల) కూడా రెండువైపులా ఒకేలా వేస్తే సుడులు ఊడటానికి బాగా ఆలస్యమవుతుంది, మనకేమో టెన్షన్. ఇక్కడ ఆ బాధ లేదు.

ఆ పరీక్షలో వేడి లేదు, మా గైడ్ గారు కలపమన్నారు. ప్రవాహం ఎదురుగా తగిలే ముందు వైపే వేడి ఎక్కువగా పోతోంది, అక్కడ ఉష్ణపు పొర బాగా పల్చన కాబట్టి. పక్కలనుంచి వెనక్కి వెళ్లేకొద్దీ నస్సెల్ట్ నంబర్ (వేడి ఎంత జోరుగా ప్రవాహంలోకి పోతోందో చెప్పే అంకె) పడిపోయి, సుడులు కలియబెట్టే వెనక కొసన మళ్లీ కొంచెం లేస్తోంది. ఆ చిన్న లేపు కోసమే మెష్ ఇంకా సన్నం చేయాలి. ల్యాబ్ కంప్యూటర్ ఒప్పుకుంటే రేపే.