కోదాడ నుంచి పుస్తకాలతో

1948 సెప్టెంబరులో భారత సైన్యం నిజాం హైదరాబాదు రాజ్యంలోకి వచ్చిన 'పోలీసు చర్య' మీద పుస్తకాలు సంచిలో వేసుకుని సూర్యాపేట దారి పట్టేవాళ్లు బస్సు ఎక్కాల్సింది హైదరాబాదులో కాదు, కోదాడలో. ఈ దారిన సైన్యం బెజవాడ వైపు నుంచి వచ్చింది. కోదాడ, మునగాల, సూర్యాపేట, నార్కట్‌పల్లి: పుస్తకాల్లో వరుస ఇదే. అందుకే రాత్రి బస్సుకు కోదాడలో దిగి, పొద్దున్నే వెనక్కి బయల్దేరాను. సూపర్ లగ్జరీ మునగాలలో ఆపదు. ఎక్స్‌ప్రెస్సో పల్లెవెలుగో చూసుకోవాలి, సీటు మీద ఆశ వదులుకోవాలి. హైవే హోటళ్లలో ఇడ్లీ ధర వింటే ఆకలి చస్తుంది, కోదాడలోనే తినేసి ఎక్కడం నయం.

నన్ను ఆశ్చర్యపరిచింది మునగాల. చుట్టూ నిజాం రాజ్యం, నడుమ ఈ పరగణా మాత్రం మద్రాసు ప్రెసిడెన్సీలోని కృష్ణా జిల్లాది. నల్లగొండలో కలిసింది 1959లో. నిజాం మీద, దొరల మీద సాగిన తెలంగాణ సాయుధ పోరాటంలో ఉన్నవాళ్ల జ్ఞాపకాల్లో 'సరిహద్దు దాటాం' అని కనిపిస్తే మనం బెజవాడ దాకా పోయారనుకుంటాం. కొన్నిచోట్ల ఆ సరిహద్దు నాలుగు చెలకల అవతలే ఉండేది. నిజాం పోలీసుల అధికారం చట్టప్రకారం అక్కడితో సరి. ఇంత ముఖ్యమైన సంగతికి పుస్తకంలో ఒక్క పటమైనా వేయరు, నాకు కోపం వచ్చేది అక్కడే. ఇప్పటి జిల్లా పటం కొనుక్కుని పాత తాలూకాలు పెన్సిలుతో మనమే గీసుకోవాలి.

కిటికీలోంచి కనిపించే పచ్చదనాన్నీ నమ్మొద్దు. ఈ వరిమళ్లు సాగర్ ఎడమ కాలువవి, 1967లో నీళ్లు వదిలాక వచ్చినవి. ఆ పోరాటం మీద రాసిన నవలలో గెరిల్లా దళం పగలంతా ఎక్కడ దాక్కుందో ఊహించాలంటే ఈ మళ్లు చెరిపేసి మెట్టచేలు, తుప్పలు, రాళ్లగుట్టలు పెట్టుకోవాలి.

సూర్యాపేట దాటాక మూసీ. వెనక్కి తగ్గుతూ నిజాం బలగాలు వంతెన పేల్చేశాయి. కానీ అక్కడ నిలబడి కాల్పులు జరపలేదు. దాంతో సైన్యం త్వరగానే వంతెన బాగుచేసుకుని ముందుకు సాగింది. సైనిక కథనంలో ఇది ఒకటి రెండు వాక్యాలు. నది ఒడ్డున నిలబడి చదివితే కాపలా లేని అడ్డంకి ఎందుకు పనికిరాదో బోధపడుతుంది. ఎగువన ప్రాజెక్టు కట్టింది ఆ తర్వాతే కాబట్టి, ఇప్పుడు కనిపించే ధారను బట్టి అప్పటి సెప్టెంబరు నదిని అంచనా కట్టొద్దు.

నవలను గడీ (దొర కోట), వెట్టి, భయం తెలుసుకోవడానికి చదవాలి, తేదీలకు కాదు. నాలుగు ఊళ్ల సంగతులు ఒకే ఊరికి చుట్టడం నవలాకారుడి హక్కు. జ్ఞాపకాల పుస్తకాలు చాలావరకు ఏళ్ల తర్వాత రాసినవి. పోరాట నాయకుడు పుచ్చలపల్లి సుందరయ్య పుస్తకమే 1972 నాటిది. ఒక సంఘటనకు కనీసం రెండు పుస్తకాలు సరిచూసి, తేడాలు అంచున రాసుకుంటే మేలు.

సైన్యం వైపు పుస్తకాలు సెప్టెంబరు 17తో ముగుస్తాయి. అప్పటి నల్లగొండ జిల్లాలో తుపాకులు ఆగింది 1951 అక్టోబరులో, పోరాటం విరమించాక. నడుమ మూడేళ్లు చదవాలంటే ఈ హైవే పనికిరాదు, లోపలి ఊళ్లకు పోవాలి. పోరాటంలో తొలి అమరుడు దొడ్డి కొమరయ్య 1946 జులై 4న నేలకొరిగిన కడవెండిని పుస్తకాలు నల్లగొండ జిల్లా అంటాయి. నల్లగొండ బస్టాండులో వెతక్కండి. జనగామలో దిగి దేవరుప్పుల వైపు పోవాలి.