నూలుగుడ్డ మీద నల్ల మచ్చ: వేప్ పరికరాన్ని పాస్ చేయించిన నా అనుభవం

"అక్కడ ఏం పని చేస్తన్నావురా?" అని నాన్న అడిగినప్పుడల్లా "బ్యాటరీల పని" అని దాటేసేవాణ్ణి. మాది ప్రకాశం జిల్లాలో పొగాకు వేసే ఇల్లు. ఆకు పండించి, బ్యారన్‌లో (వేడి గొట్టాలతో ఆకు ఎండబెట్టే కొట్టంలో) క్యూరింగ్ చేసి, వేలం కేంద్రానికి తోలి నన్ను చదివించాడాయన. అలాంటి మనిషికి, ఆకు ఊసే లేకుండా నికోటిన్ ద్రవాన్ని వేడిచేసి పీల్చే గొట్టాలకు, అంటే వేప్‌లకు, ఈ-సిగరెట్లకు, సర్క్యూట్లు గీస్తున్నానని చెప్పడానికి నోరు రాలేదు. చివరికి చెప్పాల్సి వచ్చింది, మా పరికరం టెస్టులో ఫెయిలైన రాత్రి.

నేను పనిచేసేది చికాగో శివార్లలో ఒక చిన్న కంపెనీ. మా పరికరం చూపుడువేలంత ఉంటుంది. లోపల 400 ఎంఏహెచ్ లిథియం పాలిమర్ సెల్, గోరు వెడల్పు బోర్డు, పీల్చగానే గాలి ఒత్తిడిలో తేడాను పసిగట్టే సెన్సర్, పైన పాడ్, అంటే ద్రవం ఉండే డబ్బీ, అందులో దాన్ని వేడిచేసే 1.2 ఓమ్‌ల కాయిల్. దీన్ని యూఎల్ 8139 కింద పాస్ చేయించే పని నా నెత్తిన పడింది.

యూఎల్ 8139 అంటే ఈ పరికరాల కరెంటు, బ్యాటరీ, చార్జింగ్, వేడిచేసే భాగాల భద్రతకు 2018లో అమెరికా, కెనడా రెండింటికీ కలిపి వచ్చిన ప్రమాణం. పీల్చే ఆవిరి మంచిదా చెడ్డదా అన్నది దాని పరిధిలోకే రాదు. ఇది తెలియక మా సేల్స్ కుర్రాడు "అంటే మనది సేఫ్ అని చెప్పుకోవచ్చు కదా" అన్నాడు. చెప్పుకోకూడదు. జేబులో పేలదు, ఇల్లు తగలబెట్టదు అన్నంతవరకే. ఆ మాత్రానికి ఇంత తతంగం ఎందుకంటారేమో. ఈ పరికరాల మీద అమెరికా అగ్నిమాపక విభాగం 2017లో ఒక నివేదిక ఇచ్చింది. 2009 నుంచి 2016 దాకా వార్తల్లోకి ఎక్కిన మంటలు, పేలుళ్లు 195. గాయపడినవాళ్లు 133 మంది, అందులో 38 మందికి తీవ్ర గాయాలు. మూడో వంతుకు కాస్త తక్కువ ఘటనలు పరికరమో, విడి బ్యాటరీయో జేబులో ఉన్నప్పుడు జరిగినవే.

విడి బ్యాటరీ సంగతి వచ్చింది కాబట్టి ఒక మాట. టార్చిలైట్లలో కనిపించే 18650 సెల్‌ను ఒకసారి దగ్గరగా చూడండి. 18 మిల్లీమీటర్ల లావు, 65 మిల్లీమీటర్ల పొడవు. నెగటివ్ అంటే అడుగు మాత్రమే అనుకుంటాం కానీ, డబ్బా మొత్తం నెగటివే. పైన పాజిటివ్ బొడిపె చుట్టూ ఉన్న అంచు కూడా. మధ్యలో ఉన్నదల్లా కరెంటు పోనివ్వని సన్నటి గాస్కెట్, పైన పల్చటి ప్లాస్టిక్ తొడుగు. ఆ తొడుగు అంచు దగ్గర చిరిగితే, జేబులో తాళంచెవి తగిలినా షార్టే. విడి 18650 సెల్స్ కొనొద్దని అక్కడి వినియోగదారుల భద్రతా కమిషన్ 2021 జనవరిలో హెచ్చరించింది కూడా. మేము బయటికి తీయడానికి వీల్లేని సెల్ పెట్టింది అందుకే. ఇక మనకు గొడవే లేదనుకున్నాను.

మొదటి దెబ్బ కాగితాల దగ్గరే తగిలింది. లిథియం సెల్ ఏదైనా రవాణా చేయాలంటే యూఎన్ 38.3 అనే ఐక్యరాజ్యసమితి పరీక్షలు అయి ఉండాలి. అందులో సెల్‌ను 72 డిగ్రీల వేడిలో ఆరు గంటలు, తర్వాత మైనస్ 40లో ఆరు గంటలు, అలా పదిసార్లు తిప్పుతారు. అదొక్కటే కాదు, కుదుపు, షార్ట్, ఓవర్‌చార్జ్, ఇంకా ఉన్నాయి. సప్లయర్ రిపోర్టు పంపాడు, నేను చూసి మా పరికరాన్ని పరీక్షించే ల్యాబ్‌కి పంపాను. మూడో రోజున ల్యాబ్ ఇంజినీరమ్మ ఫోన్ చేసి, "రిపోర్టులో మోడల్ నంబర్ చివర ఏ ఉంది, మీ సెల్ మీద బీ ఉంది" అంది. ఒక్క అక్షరం. సప్లయర్‌ని అడిగితే "రెండూ ఒకటే సార్" అన్నాడు. ఒకటే అయితే రెండు పేర్లెందుకు? ఏ మందం 4.5 మిల్లీమీటర్లు, బీ మందం 5.0. అంటే వేరే సెల్. అసలు రిపోర్టు చేతికొచ్చేసరికి మూడు వారాలు పోయాయి. సెల్ తీసుకునే ముందే దాని మీద ముద్రను, రిపోర్టులో ఫొటోను పక్కపక్కన పెట్టి చూసి ఉంటే అరగంటలో తేలేది. తప్పు నాదే.

అసలు పరీక్షల్లో సగం సాఫీగా జరిగాయి. షార్ట్ చేస్తే ప్రొటెక్షన్ ఐసీ, అంటే సెల్‌కి కాపలా ఉండే చిప్, కళ్లు మూసి తెరిచేలోపు కట్ చేసింది. చార్జింగ్ ఐసీని చెడగొట్టి ఓవర్‌చార్జ్ చేయబోతే అక్కడా ఆపింది. కింద పడేశారు, తేమలో పెట్టారు, ఏమీ కాలేదు. నాకు ధైర్యం వచ్చింది.

తర్వాత ఒకే లోపం పరీక్ష. బోర్డు మీద ఏదో ఒక భాగం పాడైతే ఏమవుతుందో చూడటం. కాయిల్‌కి కరెంటు వదిలే మాస్‌ఫెట్‌ను, అంటే ఎలక్ట్రానిక్ స్విచ్‌ను, చిన్న వైరు ముక్కతో షార్ట్ చేశారు. మాస్‌ఫెట్ చెడిపోతే చాలాసార్లు మూసుకునే ఉండిపోతుంది, తెరుచుకోదు, అంటే కరెంటు పోతూనే ఉంటుంది. ఉష్ణోగ్రత కొలిచే సన్నటి వైర్లు సెల్‌కి ఒకటి, పాడ్‌కి ఒకటి అంటించారు. ఆ మీదట మొత్తం పరికరాన్ని పల్చటి తెల్ల నూలుగుడ్డలో చుట్టారు. మనింట్లో పాలు వడగట్టే గుడ్డలాంటిదే. అది మాడితే ఫెయిల్. అన్ని లక్షల విలువ చేసే యంత్రాల మధ్య తీర్పు చెప్పేది ఆ గుడ్డ పీలిక.

అద్దం ఇవతల నిలబడ్డాను. బయట స్విచ్ వేశారు. నలభై సెకన్ల దాకా ఏమీ లేదు. పాడ్‌లో ద్రవం కొంచెమే ఉంది, అది ఆవిరైపోయాక ద్రవాన్ని పీల్చి కాయిల్‌కి అందించే దూది మాడటం మొదలైంది. పాడ్ ఉన్నచోట గుడ్డ ముందు పసుపుపచ్చగా, తర్వాత గోధుమ రంగుకు తిరిగింది. మధ్యలో నల్లటి చుక్క లేచి మెల్లగా రూపాయి బిళ్లంత అయ్యింది. మంట రాలేదు. సెల్ ఖాళీ అయ్యేదాకా, దాదాపు ఏడు నిమిషాలు, ఆ కాయిల్ అలా కాలుతూనే ఉంది. నాలుగు శాంపిల్స్ పెడితే నాలుగూ అంతే.

మరి ప్రొటెక్షన్ ఐసీ ఏం చేస్తున్నట్టు? అది 7 ఆంపియర్లు దాటితేనే కట్ చేస్తుంది. నిండా చార్జయిన సెల్ 4.2 వోల్టులు, కాయిల్ 1.2 ఓమ్‌లు, కరెంటు 3.5 ఆంపియర్లు. రోజూ పీల్చేటప్పుడు వెళ్లే కరెంటే. దాని కంటికి అంతా మామూలుగానే ఉంది! దొంగ ఇంటాయన చొక్కా వేసుకొస్తే వాచ్‌మన్ సలాం కొట్టినట్టు. పది సెకన్లు దాటితే ఆపే టైమర్ సాఫ్ట్‌వేర్‌లో ఉంది, అది ఆపు అంటూనే ఉంది. వినాల్సిన స్విచ్చే అతుక్కుపోయింది. ఫ్యూజ్ పెడదామన్నాడు మా మేనేజర్. పని చేసేటప్పుడూ 3.5, కాలేటప్పుడూ 3.5 అయితే ఫ్యూజ్‌కి మాత్రం తేడా ఏం తెలుస్తుంది?

ఆ రాత్రే నాన్నకు ఫోన్‌లో అంతా చెప్పేశాను. వేప్ సంగతి విని ఆయనేమీ అనలేదు, గుడ్డ మాడిందన్న చోట మాత్రం ఆసక్తిగా విన్నాడు. "గొట్టం మీద ఆకు పడిందన్నమాట" అన్నాడు. బ్యారన్‌లో వేడి గొట్టాల మీద ఎండిన ఆకు జారిపడితే పొయ్యి మామూలుగా మండుతున్నా సరే బ్యారన్ అంటుకుంటుంది. "రాత్రి కాపలాకి ఇద్దర్ని పెట్టేవాళ్లంరా. అందులో ఒకడు నిద్రపోతాడని తెలుసు" అన్నాడు. రెండో స్విచ్ పెట్టాలని నేను అప్పటికే కాగితం మీద గీసుకున్నాను. ఆ మాట ఆయనతో అనలేదు. "ఈసారి వచ్చేటప్పుడు ఒకటి తెచ్చి చూపించు" అన్నాడు. తేకూడదు నాన్నా, 2019 నుంచి మన దేశంలో తయారీ, అమ్మకం, దిగుమతి అన్నీ నిషేధం అన్నాను. "మరి అంత కష్టపడి చేయడం దేనికి?" దీనికి నా దగ్గర ఇప్పటికీ సరైన జవాబు లేదు.

కొత్త బోర్డులో కాయిల్‌కి అటొక స్విచ్, ఇటొక స్విచ్. రెండోదాన్ని మైక్రోకంట్రోలర్ (సాఫ్ట్‌వేర్ నడిచే చిప్) చేతికి ఇవ్వలేదు. ఒక రెసిస్టర్, ఒక కెపాసిటర్‌తో నడిచే విడి టైమర్‌కి కట్టాను, పన్నెండు సెకన్లకు దానంతటదే తెరుచుకుంటుంది. పీల్చిన ప్రతిసారీ పరికరం ముందు ఒక స్విచ్ మాత్రమే వేసి చూస్తుంది. రెండోది మూసి ఉండకూడని సమయంలో మూసి ఉందని తేలితే పరికరం తాళం వేసుకుంటుంది. రెండో స్విచ్ వల్ల కాయిల్‌కి అందే వోల్టేజిలో 42 మిల్లీవోల్టులు పోతాయి. ఆవిరి పల్చబడుతుందని మార్కెటింగ్‌వాళ్లు రెండు మీటింగులు పెట్టారు. పాత బోర్డు, కొత్త బోర్డు ఏది ఏదో చెప్పకుండా చేతికిస్తే ఒక్కరూ కనిపెట్టలేకపోయారు.

ఎనిమిది వారాల తర్వాత మళ్లీ అదే అద్దం, అదే గుడ్డ. ఒక స్విచ్‌ను షార్ట్ చేశారు. పన్నెండో సెకనులో కరెంటు గీత సున్నాకి పడింది. రెండోదాన్ని షార్ట్ చేశారు, అదే కథ. గుడ్డ విప్పి చూపించింది ఇంజినీరమ్మ, ఇస్త్రీ చేసిన చేతిరుమాల్లా ఉంది. రిపోర్టు నెలలోపే వచ్చింది.

మిగిలిన శాంపిల్స్ వెనక్కి పంపుతారా అని అడిగాను. మంచివి పంపుతామన్నారు. మాడిన నాలుగూ దెబ్బతిన్న లిథియం బ్యాటరీల లెక్క, విమానం ఎక్కించకూడదు. రోడ్డు మీద పంపాలన్నా ప్రత్యేకమైన పెట్టె కావాలట. వద్దులెండి, మీరే పారేయండి అన్నాను. ఇసుక బకెట్లో పడుకున్న ఆ నాలుగింటికీ విడిగా బిల్లు వేశారు.