అరెనిగ్ కొండకు ఒంటరి ప్రదక్షిణ

మా అమ్మకు ఫోన్‌లో చెప్పగానే అడిగిన మొదటి మాట: "ఒక్కదానివే పోతాండావా? ఆ కొండ మీద ఏ దేవుడున్నాడని?"

దేవుడెవరూ లేడు. వేల్స్ ఉత్తర భాగంలో, ఎరీరి నేషనల్ పార్క్‌లో ఓ మూలకు పడి ఉన్న కొండ అది. పేరు అరెనిగ్ వౌర్, ఎత్తు 854 మీటర్లు. వెల్ష్‌లో 'వౌర్' అంటే పెద్ద, 'వాఖ్' అంటే చిన్న. రోడ్డుకు ఇటు పక్క పెద్ద అరెనిగ్, అటు పక్క చిన్న అరెనిగ్. మా ఆదోని దగ్గర పెద్ద తుంబళం, చిన్న తుంబళం ఉన్నట్టే. అంతకు ముందు ఏడాది అందరిలాగే 1,085 మీటర్ల యర్ విడ్వా (స్నోడన్) ఎక్కాను. పైన రాయి పక్కన ఫోటో దిగడానికి క్యూ. తిరుమలలో కంపార్ట్‌మెంట్‌లో కూర్చున్నట్టే అనిపించింది. ఈసారి మనుషులు లేని కొండ కావాలనుకున్నాను.

అరెనిగ్‌నే ఎంచుకోవడానికి ఇంకో కారణం కూడా ఉంది. లివర్‌పూల్‌కు వచ్చి పదకొండేళ్ళయింది, ఇక్కడ ఆస్పత్రి ఫార్మసీలో పని చేస్తాను. మా కొళాయిలో వచ్చే నీళ్ళలో కొంత ఈ కొండ కిందనుంచే వస్తుందని నాకు చాలా ఆలస్యంగా తెలిసింది. కొండకు ఉత్తరాన ట్రవెరిన్ నదికి అడ్డంగా ఆనకట్ట కట్టి కెలిన్ అనే జలాశయం చేశారు. అక్కడ వదిలిన నీళ్ళు డీ నదిలో కలుస్తాయి. చెస్టర్ దగ్గర వాటిని తోడి మా ఊరికి పంపుతారు. ఆ జలాశయం అడుగున కాపెల్ కెలిన్ అనే ఊరు ఉంది.

ఈ సంగతి చెప్తే అమ్మ కాసేపు ఏమీ అనలేదు. ఆమె పుట్టినూరు కృష్ణ ఒడ్డున. 1981లో శ్రీశైలం డ్యామ్ నీళ్ళు వెనక్కి ఎక్కినప్పుడు మునిగిన ఊళ్ళలో అదొకటి. మా ఇంట్లో దాన్ని ఎవరూ పేరు పెట్టి పిలవరు. 'ముంపూరు' అంటారు, అంతే.

ఇక ప్రయాణం సంగతి. ఒక్కదాన్నే వెళ్ళడానికి మా ఆయన ఒప్పుకోవడం కొండ ఎక్కడం కంటే కష్టమైంది. చివరికి ఒప్పందం ఇలా కుదిరింది: ఏ దారిన ఎక్కి ఏ దారిన దిగుతానో మ్యాప్ మీద గీసి ఫోటో పంపాలి. సాయంత్రం ఆరున్నరకల్లా నా నుంచి కబురు రాకపోతే ఆయన 999కి ఫోన్ చేసి, పోలీసులను అడిగి, మౌంటెన్ రెస్క్యూ కావాలని చెప్పాలి. సంచిలో 1:25,000 స్కేలు కాగితం మ్యాప్, కంపాస్, ఈల, తలకు కట్టుకునే లైటు, వాన కోటు, ఒక ఉన్ని చొక్కా ఎక్కువ. ఆపదలో ఈల నిమిషానికి ఆరుసార్లు ఊదాలి, ఒక నిమిషం ఆగి మళ్ళీ ఆరుసార్లు. తిండికి నిమ్మకాయ పులిహోర, శెనగబుడ్డల చిక్కీ, ఫ్లాస్కులో టీ. పులిహోర చల్లారినా బాగుంటుంది, వానకు తడిసిన శాండ్‌విచ్‌కు ఆ మాట చెప్పలేం.

ఎంతసేపు పడుతుందో లెక్క వేయడానికి ఇక్కడివాళ్ళు 1892లో నైస్మిత్ అనే స్కాట్లండ్ ఆయన చెప్పిన సూత్రం వాడతారు. ఐదు కిలోమీటర్లకు ఒక గంట, ఎక్కే ప్రతి 600 మీటర్లకు ఇంకో గంట. నా దారి పద్నాలుగు కిలోమీటర్లకు అటూ ఇటూ, ఎక్కుడు ఐదు వందల పైచిలుకు మీటర్లు. నాలుగు గంటల లోపే అయిపోవాలి. ఆ నైస్మిత్ గారు ఊబిలో నడిచినట్టు లేడు. నేను ఆరు గంటలు అనుకున్నాను, ఏడు దాటింది.

మే నెల శనివారం, పొద్దున ఐదున్నరకు బయలుదేరాను. బాలా ఊరు దాటాక రోడ్డు జలాశయం వెంటే పోతుంది. గట్టున చిన్న రాతి ప్రార్థనాలయం కట్టారు, మునిగిన ఊరి గుర్తుగా. పాత శ్మశానంలోని సమాధి రాళ్ళలో కొన్నిటిని అక్కడికి తెచ్చి నిలబెట్టారు. కారు ఆపి పది నిమిషాలు నిలుచున్నాను. ఈ ఆనకట్ట కట్టడానికి పార్లమెంటులో బిల్లు పాసయింది 1957లో. వేల్స్ ఎంపీలు 36 మందిలో 35 మంది వద్దన్నారు, అయినా పాసయింది. 1965 నాటికి పన్నెండు ఇళ్ళూ పొలాలూ, బడి, పోస్టాఫీసు, చర్చి అన్నీ నీళ్ళ కిందికి పోయాయి. లోయలో ఉన్న 67 మందిలో 48 మందికి ఇళ్ళు పోయాయి. 2005లో లివర్‌పూల్ కౌన్సిల్ క్షమాపణ చెప్పింది. శ్రీశైలంలో మునిగినవి సుమారు వంద ఊళ్ళు. క్షమాపణ ఎవరైనా చెప్పారేమో అమ్మను అడగాలనుకుని, మళ్ళీ ఎందుకులే అనుకున్నాను.

పెద్ద రోడ్డు వదిలి చిన్న రోడ్డు ఎక్కి, మూతపడ్డ రాతి క్వారీ దగ్గర కారు పెట్టేసరికి ఎనిమిది. నాది తప్ప ఇంకో బండి లేదు. రోడ్డు వెంట తూర్పుగా కొంత దూరం నడిచి, గేటు దాటి మట్టిబాట పట్టాను. గేటు తీశాక మళ్ళీ గొళ్ళెం పెట్టామా లేదా అని రెండుసార్లు చూసుకోవాలి, గొర్రెలు బయటికొస్తే రైతు ఊరుకోడు. అక్కడే ఒక సంగతి తట్టింది. నేను కొండకు ఉత్తరం నుంచి మొదలుపెట్టి తూర్పు, దక్షిణం, పడమర మీదుగా మళ్ళీ ఉత్తరానికి వస్తున్నాను. కొండ ఎప్పుడూ నా కుడిచేతి వైపే. అచ్చం ప్రదక్షిణే! అరుణాచలం గిరిప్రదక్షిణ కూడా పద్నాలుగు కిలోమీటర్లే. అక్కడ పౌర్ణమి రాత్రి చెప్పులు లేకుండా, లక్షల మందిలో ఒకరి మడమలు ఒకరు తొక్కుకుంటూ నడిచాం. ఇక్కడ నా బూట్ల చప్పుడు నాకే వినిపిస్తోంది.

ఎక్కడో చెట్లలోంచి కుక్కూ పక్షి కూత వినబడింది. మన కోయిల కూత పోనుపోను పైకి లేస్తుంది కదా, దీనిది రెండే స్వరాలు, రెండోది కిందికి దిగుతుంది. ఉగాది నాటి కోయిలను ఎవరో కోప్పడి కూర్చోబెట్టినట్టు ఉంది.

ముప్పావుగంటలో కొండకు తూర్పున ఉన్న చెరువు చేరాను. చెరువు వెనక నల్లటి రాతిగోడ నిలువునా లేచి ఉంది. కట్ట పక్కనే రాతి గుడిసె ఒకటి, తాళం ఉండదు, కొండకు వచ్చినవాళ్ళెవరైనా తలదాచుకోవచ్చు. అక్కడ టీ తాగి, నీళ్ళు బయటికి పారే చోట దాటి, పక్కనున్న కొండ భుజం మీదుగా ఎక్కడం మొదలుపెట్టాను. ఆ భుజం పేరు బ్రిన్ ఎ డవర్గి. వెల్ష్‌లో 'డవర్గి' అంటే నీళ్ళలో ఉండే కుక్క అట. మన నీటికుక్కే! శిఖరం పేరు ఇంకా బాగుంది, మోయిల్ ఎర్ ఎగ్లుయిస్. 'మోయిల్' అంటే చెట్టూ చేమా లేని బోడిగుట్ట, 'ఎగ్లుయిస్' అంటే చర్చి. ఇంగ్లీషులో చెప్పాలంటే తిప్పలు పడాల్సిన మాటలు మనకు ఊరి మాటల్లా అతుకుతాయి. పలకడం మాత్రం నా వల్ల కాలేదు.

ఎక్కుడు గురించి ఎక్కువ చెప్పను. గడ్డి దుబ్బులు, వాటి మధ్య నీళ్ళు, మళ్ళీ దుబ్బులు. దుబ్బు మీద కాలేస్తే ఊగుతుంది, పక్కన వేస్తే మునుగుతుంది. ఒకసారి ఎడమకాలు మోకాలి దాకా దిగిపోయింది. లాగుతుంటే చప్పరించినట్టు శబ్దం, బూటు ఉంటుందో ఊడుతుందోనని భయం. ఆకుపచ్చగా నిగనిగలాడే చోటే అసలు మోసం అని అప్పుడు తెలిసింది. ఎండిపోయిన రంగులో ఉన్న గడ్డే నమ్మదగింది.

ఏడు వందల మీటర్లు దాటాక మబ్బు దిగింది. దూరంగా వస్తున్నది చూస్తూనే ఉన్నాను, అయినా ఒక్క నిమిషంలో నా చేతి కర్ర చివర తప్ప ఏమీ కనిపించకుండా పోయింది. శిఖరం మీదికి ఎలాగో చేరాను. సర్వే స్తంభం చుట్టూ గాలికి అడ్డంగా పేర్చిన రాళ్ళు, వాటిలో ఒక పలక. 1943 ఆగస్టు 4న అమెరికా వాళ్ళ ఫ్లయింగ్ ఫోర్ట్రెస్ బాంబరు విమానం ఈ కొండను గుద్దుకుంది. లోపలున్న ఎనిమిది మందీ చనిపోయారు. తడిసిన పలక మీద పేర్లను వేలితో తడుముతూ చదివాను. చుట్టూ ఉన్న ఆ తెల్లటి మబ్బులో ఇంజిను మోత ఊహించుకోవడం కష్టం కాలేదు. ఇంకో కథ కూడా ఉంది. 1911, 1912 ప్రాంతంలో ఇన్స్ అనే యువ చిత్రకారుడు ఇక్కడే మకాం పెట్టి ఈ కొండను పదేపదే గీశాడు. తాను ప్రేమించిన ఆమె ఉత్తరాలను వెండి పెట్టెలో పెట్టి శిఖరం మీది రాళ్ళ గుప్పలో పాతాడని అంటారు. క్షయతో 1914లో పోయాడు, ఇరవై ఏడేళ్ళకే.

చేతులు వణుకుతుంటే పులిహోర సగం తిని లేచాను. తప్పు జరిగింది ఇక్కడే. దక్షిణం వైపు గట్టు వెంట పోవాలి. రాళ్ళ మధ్య సన్నటి బాట కనిపించింది, హాయిగా కిందికి దిగుతోంది. కంపాస్ మెడలోనే ఉంది, చూడలేదు. చలికి మెదడు కూడా సోమరిదవుతుంది కాబోలు. ఐదు నిమిషాలు దిగాక ఏదో తేడాగా తోచింది. ఏమిటో వెంటనే అర్థం కాలేదు. గాలి! గాలి పడమటి నుంచి వీస్తోంది. దక్షిణానికి నడుస్తుంటే అది నా కుడి చెంపను కొట్టాలి. ఇప్పుడేమో వీపు మీద చెయ్యేసి నెడుతోంది. అంటే నేను తూర్పుకు పోతున్నాను. తూర్పున ఉన్నది పొద్దున చెరువు కట్ట మీద నిలబడి చూసిన రాతిగోడ. నేను పట్టుకున్నది గొర్రెల బాట.

అక్కడే కూర్చుండిపోయాను. ఫోన్‌లో చూద్దామంటే తుంపరకు తడిసిన స్క్రీన్ వేలిని గుర్తించడం లేదు. గుండె దడదడ. టెన్షన్‌లో నాకు అడ్డంగా కోసుకుపోయి గట్టు మీదికి చేరదామనిపించింది, మళ్ళీ పైకి ఎక్కడానికి మనసొప్పలేదు. అంతలో డ్యూటీలో జూనియర్లకు నేనే చెప్పే మాట గుర్తొచ్చింది: డోసు మీద అనుమానం వస్తే మధ్యలో దిద్దకు, మొదటి నుంచి లెక్క వేయి. లేచి, వచ్చిన దారినే, ముఖానికి గాలి తగిలేలా అడుగులు లెక్కపెట్టుకుంటూ ఎక్కాను. నాలుగు వందల పన్నెండో అడుగుకు స్తంభం కనిపించింది. దాన్ని రెండు చేతులా పట్టుకున్నాను, ఎవరూ చూడలేదు కాబట్టి చెప్పడానికి సిగ్గులేదు.

ఈసారి కంపాస్ అరచేతిలో పెట్టుకుని, సూది చెప్పిన దిక్కులో కనిపించే రాయిని గుర్తు పెట్టుకోవడం, అక్కడిదాకా నడవడం, మళ్ళీ ఇంకో రాయి. అలా నలభై నిమిషాలు. గట్టు మీద చిన్న చిన్న నీటి గుంటలు ఒక్కొక్కటే మబ్బులోంచి బయటికొస్తుంటే దారి సరైనదేనని ధైర్యం వచ్చింది. కనుమ దగ్గరికి దిగేసరికి మబ్బు తలపైన ఉండిపోయింది, కింద పడమటి లోయంతా ఎండ.

అటు పక్క అమ్నోద్ బుల్ అనే పాడుబడ్డ ఇల్లు ఉంది. మునిగిన ఇల్లు కాదది, మనుషులు వదిలేసి పోయింది. గోడలు నిలిచి ఉన్నాయి. గడప దగ్గర రాయి మధ్యలో అరిగి గుంట పడింది, అందులో వాన నీళ్ళు. మా అవ్వ ముంపూరు వదిలేటప్పుడు తలుపులు, దూలాలు పీకి ఎడ్లబండి మీద వేయించుకుంది, గడప మాత్రం ఊడిరాలేదట. ఆ మాట ఎన్నిసార్లు విన్నానో. మిగిలిన పులిహోర ఆ గడప మీద కూర్చునే తిన్నాను.

అక్కడి నుంచి అడవిబాట, ఇంకో పాడిల్లు, ఆ తర్వాత పాత రైలు కట్ట. బాలా నుంచి బ్లైనై ఫెస్టినియోగ్‌కు పోయే లైను ఇది, జలాశయంలో కొంత మునుగుతుందని 1960లో ప్రయాణికుల బండ్లు ఆపేశారు. పట్టాలు లేవు, గడ్డి పెరిగిన చదును దారి మిగిలింది. రోజంతా దుబ్బుల మీద ఎగిరిన కాళ్ళకు ఆ చదును ఎంత సుఖమో చెప్పలేను. ఇలాగే తూర్పుకు పోతూ ఉంటే నీళ్ళలోకే పోతాను కదా అనుకుంటూ, క్వారీ దగ్గర రోడ్డు ఎక్కాను. మూడుంబావు అయింది. కారు ఒక్కటే ఉంది, పొద్దున ఉన్నట్టే.

సిగ్నల్ బాలా దగ్గరికి వచ్చాక దొరికింది. మా ఆయనకు 'దిగాను' అని మెసేజ్ పెట్టి, అమ్మకు ఫోన్ చేశాను. ఇండియాలో రాత్రి అవుతున్నా మేలుకునే ఉంది. ప్రదక్షిణ సంగతి చెప్పాను, దారి తప్పిన సంగతి చెప్పలేదు.

"అయితే మీ ఇంటికొచ్చేటివి ఆ నీళ్ళేనా?" అంది.

"కొన్ని అవేనమ్మా."

కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, "బూట్లు బయటే ఇడువు. ఇల్లంతా బురద చేసుకోవాకు" అంది.