61 ఏళ్లకి స్కూటీ లైసెన్స్: నా అనుభవం

నిన్న నా డ్రైవింగ్ లైసెన్స్ వచ్చింది. సంతోషం, కోపం రెండూ చల్లారకముందే రాసేస్తున్నాను.

34 ఏళ్లు లెక్కల టీచరుగా చేసి రిటైరయ్యాను. ఆయన పోయి మూడేళ్లు. ఆయన ఉన్నన్నాళ్లూ బండి వెనక కూర్చోవడమే తప్ప హ్యాండిల్ పట్టుకున్నది లేదు. ఆ తర్వాత గుడికైనా, లైబ్రరీకైనా ఎవరో ఒకరు దింపాల్సి వచ్చేది. "నీకెందుకమ్మా శ్రమ, ఏం కావాలో చెప్పు, తెచ్చిపెడతాం" అంటారు పిల్లలు. ప్రేమతోనే అంటారు. కానీ వంకాయలు నేనే వెళ్లి ఏరుకోవాలని నాకుంటుంది కదా.

ముందు తీసుకోవాల్సిన ఎల్ఎల్ఆర్ (లెర్నర్స్ లైసెన్స్) సులువుగానే అయింది. 40 దాటినవాళ్లకి డాక్టరు సంతకంతో ఫారం 1ఎ కావాలి, తీసుకున్నాను. కంప్యూటర్ పరీక్షలో 20కి 19 వచ్చాయి. నెల ఆగి డ్రైవింగ్ పరీక్షకి స్లాట్ బుక్ చేసుకున్నాను.

ఆర్టీఏ (రవాణా శాఖ) ఆఫీసులో ఆ పరీక్ష పెట్టే ట్రాక్ దగ్గరే నా ప్రాణం తీశారు. ఆఫీసు పేరు రాయను. పొద్దున ఎనిమిదిన్నరకి వెళ్తే పదకొండున్నర దాకా ఎండలో నిలబెట్టారు. నా వంతు వచ్చాక అక్కడి అధికారి కాగితాల్లో పుట్టిన తేదీ చూసి, అందరికీ వినపడేలా "ఏమ్మా, ఈ వయసులో నీకు బండెందుకు? ఇంట్లో కొడుకు లేడా?" అన్నాడు. లైన్లో ఉన్న కుర్రాళ్లు నవ్వారు. అంతంత పిల్లల్ని కొన్ని వందలమందిని క్లాసులో కూర్చోబెట్టిన మనిషిని నేను. నోట మాట రాలేదు. చేతులు వణుకుతూనే బండెక్కాను. ఎనిమిది ఆకారంలో రెండో మలుపు దగ్గర ఎడమ కాలు నేలకి ఆనింది. ఫెయిల్. "ఆటోలో తిరగమ్మా, హాయిగా ఉంటుంది" అని కాగితాలు చేతిలో పెట్టాడు. గేటు బయట ఏజెంటు ఒకడు "డబ్బులిస్తే నేను చూసుకుంటా మేడమ్" అంటూ వెంటపడ్డాడు. ఆ రోజు అన్నం సయించలేదు.

మగవాడు డెబ్బై ఏళ్లకి బండి నడిపితే ఎవరూ తల తిప్పి చూడరు. ఆడమనిషికి అరవై దాటగానే టీవీ ముందు కుర్చీ వేసి, ఇంక అదే నీ లోకం అంటారు. మీ ఇంట్లో అమ్మ ఏదైనా నేర్చుకుంటానంటే దయచేసి "ఎందుకు" అని మాత్రం అడక్కండి.

మళ్లీ పరీక్షకి 7 రోజులు ఆగాలి. ఆ వారమంతా తెల్లవారుజామున వీధి చివర ఖాళీ స్థలంలో ముగ్గుతో పెద్ద ఎనిమిది గీసి, టైరు గీతకి తగలకుండా దాని వెంటే తిరిగాను. డిగ్రీ చదివే పక్కింటి అమ్మాయి నిద్ర మానుకుని వచ్చేది. "ఆంటీ, చక్రం వంక చూడకండి, ఎటు తిరగాలో అటు చూడండి" అంది. కిటుకంతా అందులోనే ఉంది. ఇంకోటి, ఎక్సలేటర్ పూర్తిగా వదలకూడదు. కొంచెం ఇస్తూనే ఎడమచేతి బ్రేకు మెల్లగా నొక్కి పట్టుకుంటే బండి నిలకడగా తిరుగుతుంది. నాలుగో రోజుకి టైరుకి ముగ్గు అంటడం మానేసింది. ఏజెంట్లకి మాత్రం పైసా ఇవ్వకండి.

రెండోసారీ అదే అధికారి. కాలు కింద పెట్టకుండా తిరిగొచ్చి ఆయన ముందే బండి ఆపాను. తలెత్తకుండా సంతకం పెట్టాడు.

55 దాటినవాళ్లకి లైసెన్స్ ఐదేళ్లకే ఇస్తారు. 66లో రెన్యువల్‌కి వెళ్తాను.

ఈ పొద్దున కడియం నర్సరీలకి వెళ్లాను, మా ఊరికి 12 కిలోమీటర్లు. సన్నజాజి మొక్క కొన్నాను. "బండి మీద ఎవరు తీసుకెళ్తారమ్మా?" అని నర్సరీ అతను అడిగితే "నేనే" అన్నాను. కుండీ కాళ్ల మధ్య పెట్టుకుని ఇంటిదాకా తెచ్చాను. ఒక్క ఆకు రాల్లేదు. ఆదివారం ధవళేశ్వరం ఆనకట్ట దాకా వెళ్దామంటే ఎదురింటి వదినగారు వెనక కూర్చోడానికి ఒప్పుకున్నారు. ఈలోగా ఆవిడకో హెల్మెట్ కొనాలి.